2050 ఉద్గార లక్ష్యం: ఒక ప్రాంతం ఏ అంకె పెట్టుకోవాలి, ఎవరు జవాబు చెప్పాలి?

#1 ఉత్తరపుగాలి

అందరికీ నమస్కారం. దేశాల లక్ష్యాల మీద ఇక్కడ చాలా చర్చలు నడిచాయి. నేను అడిగేది దానికి ఒక మెట్టు కింద సంగతి. రాష్ట్రం, ప్రావిన్సు, నాలుగైదు నగరాలు కలిసిన మహానగర ప్రాంతం, లేదంటే కొన్ని రాష్ట్రాలు కలిసి కట్టిన కూటమి. వీటి చేతిలో కరెన్సీ ఉండదు, దిగుమతి సుంకాలు ఉండవు, చాలాచోట్ల గ్రిడ్ మీద కూడా పూర్తి అధికారం ఉండదు. అయినా గ్రీన్‌హౌస్ వాయువులను 2045కల్లా ఇంత, 2050కల్లా ఇంత తగ్గిస్తామని ప్రకటిస్తున్నాయి.

ఇది కొత్తేమీ కాదు. అమెరికాలోని 6 న్యూ ఇంగ్లండ్ రాష్ట్రాలు, తూర్పు కెనడాలోని 5 ప్రావిన్సులు కలిసి 2001లోనే ఒక ప్రణాళిక ఒప్పుకున్నాయి. 2010కల్లా 1990 స్థాయికి రావాలి, 2020కల్లా అంతకంటే 10 శాతం కిందికి దిగాలి, దీర్ఘకాలంలో 75 నుంచి 85 శాతం కోత పెట్టాలి. శిక్షలు, జరిమానాలు ఏమీ లేవు. అంతా స్వచ్ఛందమే.

ఇలాంటి పత్రం ఒకటి రాసే బృందంలో నేనూ ఉన్నాను. ఏ ప్రాంతం అన్నది ఇక్కడ అనవసరం. అసలు ఆ అంకె ఎక్కడి నుంచి రావాలి? లోపలి జిల్లాలకు, నగరాలకు ఎలా పంచాలి? తప్పితే ఏం చేయాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

#2 నత్తనడక

2050లో ఆ కుర్చీలో ఎవరుంటారో తెలియదు కాబట్టే అందరికీ 2050 అంటే అంత ఇష్టం.

#3 లెక్కల_మాస్టారు

ఉత్తరపుగాలి గారూ, అంకె సంగతి తర్వాత. ముందు ఏ సంవత్సరంతో పోల్చి తగ్గిస్తారో తేల్చుకోండి. గొడవలో సగం అక్కడే ఉంటుంది.

ఉద్గారాలు తగ్గించడానికి దేశాలు చేసుకున్న క్యోటో ఒప్పందంలో అప్పటి 15 దేశాల యూరోపియన్ యూనియన్ మొత్తంగా 8 శాతం కోతకు ఒప్పుకుంది. 1990తో పోల్చి, 2008-12 సగటు మీద. తర్వాత 1998లో ఆ 8 శాతాన్ని లోపల పంచుకున్నారు. లక్సెంబర్గ్‌కు 28 శాతం కోత, జర్మనీకి, డెన్మార్క్‌కు 21 చొప్పున, బ్రిటన్‌కు 12.5. ఫ్రాన్స్‌కు సున్నా. స్పెయిన్ 15 శాతం, గ్రీస్ 25, పోర్చుగల్ 27 శాతం పెంచుకోవచ్చు! ఒకే కూటమి, ఒకే లక్ష్యం. లోపల మాత్రం ఒకరికి 28 శాతం కోత, ఇంకొకరికి 27 శాతం పెరుగుదల.

జర్మనీ 21కి ఎందుకు ఒప్పుకుంది? 1990 ఆధార సంవత్సరం కాబట్టి. ఏకీకరణ తర్వాత తూర్పు జర్మనీలో పాత ఫ్యాక్టరీలు, లిగ్నైట్ వాడకం కుప్పకూలాయి. ఆ తగ్గుదల వాళ్లకు ముందే చేతికొచ్చింది. బ్రిటన్‌లో 1990ల్లో బొగ్గు స్థానంలో గ్యాస్ వచ్చింది, వాతావరణం కోసం కాదు, చవక అని. రష్యా, ఉక్రెయిన్‌ల సంగతి ఇంకా ఘోరం. 1990 స్థాయి దాటకుండా ఉంటే చాలన్నారు. సోవియట్ పతనంతో అప్పటికే అంతకంటే చాలా కిందికి పడిపోయి ఉన్నాయి. ఏమీ చేయకుండానే ఇతర దేశాలకు అమ్ముకోవడానికి ఉద్గారాల కోటా మిగిలింది. దానికి 'వేడిగాలి' అని పేరు పడింది.

అందుకని నా మొదటి ప్రశ్న: మీ ప్రాంతంలో ఏ ఏడాది ఉద్గారాలు ఎక్కువ, ఎందుకు ఎక్కువ? బృందంలో ఎవరైనా ఒక ఏడాది కోసం మరీ పట్టుబడుతుంటే, ఆ ఏడాది ఏం జరిగిందో చూడండి.

#4 సందేహం_సుబ్బయ్య

మాస్టారూ, లెక్క బాగుంది. కానీ అసలు ప్రశ్న ఎవరూ అడగడం లేదు. చాలా రాష్ట్రాల వాటా ప్రపంచ ఉద్గారాల్లో అర శాతం కూడా ఉండదు. ఇక్కడ సిమెంటు ఫ్యాక్టరీ మీద నిబంధన బిగిస్తే, అది సరిహద్దు దాటి పక్క రాష్ట్రంలో పెడతారు. పొగ అదే, ఉద్యోగాలు మాత్రం పోతాయి. కాగితం మీద మీ ప్రాంతం పచ్చగా కనిపిస్తుంది. దేశం మొత్తానికి పొగ మీద ఒక ధర పెట్టి ఊరుకోక, ప్రతివాడూ ఒక లక్ష్యం ఎందుకు?

#5 గ్రిడ్_మనిషి

సుబ్బయ్య గారు చెప్పింది కొట్టిపారేసేది కాదు. కరెంటులో అయితే ఇది ఇంకా సులువు. ఫ్యాక్టరీ కదలాలంటే ఏళ్లు పడుతుంది, కరెంటు కొనుగోలు ఒప్పందం మార్చడానికి సంతకం చాలు.

కాలిఫోర్నియా 2006 చట్టం (ఏబీ 32) ఈ సంగతి ముందే ఊహించింది. రాష్ట్రంలో తయారైన కరెంటుతో పాటు బయటి నుంచి కొన్న కరెంటు ఉద్గారాలూ లెక్కలోకి రావాలంది. అంటే పొరుగు రాష్ట్రంలోని బొగ్గు ప్లాంటు నుంచి కొంటే ఆ పొగ కాలిఫోర్నియా ఖాతాలోనే పడుతుంది. మంచిదే. కానీ అప్పుడు ఇంకో ఆట మొదలవుతుంది. పొరుగువాడు తన జలవిద్యుత్తు మొత్తం నీకు అమ్మి, బొగ్గు కరెంటు తన జనానికి పంచుతాడు. ప్లాంట్లు అవే, పొగ అదే, బిల్లుల మీద పేర్లు మారాయంతే. దీన్ని అడ్డుకోవడానికి నిబంధనలు ఉన్నాయి. అమలు మాత్రం నిజంగా కష్టం.

దీనికి భిన్నంగా అమెరికా ఈశాన్య రాష్ట్రాల ఉద్గారాల కూటమి ఆర్‌జీజీఐ 2009లో మొదలైంది. అది ఆయా రాష్ట్రాల్లోని 25 మెగావాట్లు, అంతకు మించిన ప్లాంట్లకే పరిమితి పెట్టింది. దిగుమతి కరెంటు లెక్కలోకి రాలేదు.

అన్నిటికంటే కఠినంగా సరిహద్దు గీసింది న్యూయార్క్. 2019 చట్టంలో బయటి నుంచి వచ్చే కరెంటుతో పాటు, రాష్ట్రంలో వాడే గ్యాస్, పెట్రోలు ఎక్కడో తవ్వి తెచ్చేటప్పుడు వెలువడేవి కూడా తన లెక్కలో వేసుకుంది. మీథేన్ (సహజవాయువులో ప్రధానంగా ఉండేది ఇదే) ఎంత వేడెక్కిస్తుందో 100 ఏళ్ల మీద లెక్కకట్టే తూకంతో కాకుండా 20 ఏళ్ల తూకంతో కొలుస్తానంది. దాంతో గ్యాస్ ఒక్కసారిగా 'శుభ్రమైన ఇంధనం' కాకుండా పోయింది.

కాబట్టి ఉత్తరపుగాలి గారూ, రెండో పని సరిహద్దు. దిగుమతి కరెంటు మీ లెక్కలోకి రాదు అనుకుంటే మిగతా పత్రం రాయనక్కర్లేదు.

#6 సందేహం_సుబ్బయ్య

అంటే గ్రిడ్ గారూ, సరిహద్దు పెద్దది చేస్తే కొలవలేం, చిన్నది చేస్తే మోసం. మరి నేనన్నదేమిటి?

#7 గ్రిడ్_మనిషి

మీరన్నది 'వద్దు' అని. నేనన్నది 'ఇలా చేయండి' అని. కెనడాలోని ఆంటారియో ప్రావిన్సు చూడండి. 2003లో అక్కడి కరెంటులో నాలుగో వంతు బొగ్గు నుంచి వచ్చేది. 2014 ఏప్రిల్‌లో చివరి బొగ్గు ప్లాంటు ఆగింది. దేశం చెప్పేదాకా ఆగలేదు. పాత అణు రియాక్టర్లు బాగుచేసుకుని, గ్యాస్, గాలి మరలు కలుపుకుని చేసింది. గడువు ఒకసారికి మించి వాయిదా పడింది కూడా. కానీ శాతాల లక్ష్యంలా కాకుండా 'ఈ ప్లాంటు మూత' అన్న లక్ష్యానికి ఒక సుగుణం ఉంది. జరిగిందో లేదో చిమ్నీ చూస్తే తెలుస్తుంది, ఆధార సంవత్సరం మీద వాదన ఉండదు.

#8 వేపచెట్టు

న్యాయం వైపు నుంచి నాలుగు మాటలు. లక్ష్యం ఎవరు ప్రకటించారు, ఏ రూపంలో ప్రకటించారు అన్నదాని మీదే దాని బతుకు ఆధారపడుతుంది.

కాలిఫోర్నియా గవర్నర్ 2005లో ఒక కార్యనిర్వాహక ఉత్తర్వు ఇచ్చాడు, 2050కల్లా 1990 కంటే 80 శాతం తక్కువ అని. శాన్ డియేగో ప్రాంతీయ ప్రణాళిక సంస్థ 2011లో 2050 దాకా రవాణా ప్రణాళిక ఆమోదించింది. దాని సొంత పర్యావరణ నివేదిక ప్రకారమే ఉద్గారాలు 2020 దాకా తగ్గి, ఆ తర్వాత 2050 దాకా మళ్లీ పెరుగుతాయి! రాష్ట్రం లక్ష్యం కిందికి వెళ్తుంటే ప్రాంతం గీత పైకి. కోర్టుకు వెళ్లారు. కింది కోర్టుల్లో సంస్థ ఓడింది. 2017లో రాష్ట్ర సుప్రీంకోర్టు మాత్రం, ఆ ఉత్తర్వును కొలబద్దగా తీసుకోకపోవడం 2011 నాటికి తప్పు కాదంది. కారణం ఏమిటంటే అది శాసనసభ చేసిన చట్టం కాదు, ఆ సంస్థను కట్టిపడేసేది కాదు. అయితే రేపటి ప్రణాళికలకు ఇది రక్షణ కవచం కాదని, శాస్త్రం మారే కొద్దీ మారాలని కూడా చెప్పింది.

మసాచుసెట్స్‌లో కథ అటు తిరిగింది. 2008 చట్టంలో శాసనసభే 2050కి 80 శాతం కోత రాసింది. రాష్ట్ర శాఖ మాత్రం ఏటేటా పరిమితులు పెట్టకుండా, అవి ఆశయాలు అన్నట్టు నడిపించింది. కొందరు టీనేజర్లు, సంస్థలు కేసు వేశారు. 2016 మేలో అక్కడి అత్యున్నత కోర్టు, చట్టంలో 'పెట్టాలి' అని ఉంటే పెట్టాల్సిందే, ఏటా తగ్గే పరిమితులు రాయండి అంది.

రెండింటిలోనూ 80 శాతమే, 2050వ సంవత్సరమే. ఒకటి ఉత్తర్వు, ఒకటి చట్టం. మీ పత్రం ఏమిటో ముందు చూసుకోండి.

#9 ఉత్తరపుగాలి

వేపచెట్టు గారూ, మాది ప్రస్తుతానికి తీర్మానం స్థాయే. చట్టం చేయమని సిఫార్సు చేయొచ్చు, అంతవరకే మా చేతిలో ఉంది. చట్టం చేస్తే భవిష్యత్తు ప్రభుత్వం చేతులు కట్టేసినట్టు అవుతుందని మా బృందంలోనే కొందరి అభ్యంతరం.

#10 వేపచెట్టు

చట్టం చేయకపోతే కూడా వాళ్ల చేతులు కట్టేసినట్టే. జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం 2021లో చెప్పింది ఇదే. అప్పటి వాతావరణ చట్టంలో 2030 దాకా మాత్రమే లెక్క ఉంది, ఆ తర్వాత సంగతి వదిలేశారు. ఇప్పుడు తక్కువ తగ్గిస్తే 2030 తర్వాత ఉన్నపళంగా భారీ కోతలు పెట్టాల్సి వస్తుంది, అది ఇప్పటి యువతరం స్వేచ్ఛల మీద భారం అని తీర్పు. నెలల్లోనే చట్టం మార్చారు: 2030కి 65 శాతం కోత, 2040కి 88 శాతం, 2045కి కార్బన్ తటస్థత, అంటే వదిలేదీ వెనక్కి తీసుకునేదీ సమానం కావడం (నెట్ జీరో). బయటి నుంచి చూసేవాళ్లు 'కోర్టు లక్ష్యం పెంచింది' అంటారు. కోర్టు అడిగింది అది కాదు, మధ్యలో ఉన్న ఏళ్లకు లెక్క చెప్పమంది.

#11 లెక్కల_మాస్టారు

ఈ మధ్య ఏళ్ల సంగతి ఎవరైనా ఎత్తుతారని చూస్తున్నా. గాలిలో చేరేది మొత్తం, చివరి ఏడాది అంకె కాదు. కాగితం తీసుకుని మీరే చూడండి.

ఏడాదికి 100 యూనిట్లు విడుదల చేసే ప్రాంతం 25 ఏళ్లలో సున్నాకి రావాలి. సరళరేఖలో దిగితే మొత్తం 1,250 యూనిట్లు. మొదటి 15 ఏళ్లు 'అధ్యయనం' చేసి, చివరి 10 ఏళ్లలో దిగితే 1,500కి 500 కలిపి 2,000. అదే మొదటి 10 ఏళ్లలో 40కి దించి, మిగతా 15 ఏళ్లలో మెల్లగా సున్నా చేస్తే 700కి 300 కలిపి 1,000. ముగ్గురూ చెప్పేది ఒకటే మాట: '25 ఏళ్లలో నెట్ జీరో'. మధ్యవాడు చివరివాడికి రెట్టింపు వదిలాడు.

అందుకే లక్ష్యాన్ని సంవత్సరంగా కాక బడ్జెట్‌గా, అంటే మొత్తం ఎన్ని టన్నులు వదలొచ్చో, రాయమంటాను. బ్రిటన్ 2008 చట్టం అయిదేళ్ల కార్బన్ బడ్జెట్లు పెట్టింది. వాటిని దాదాపు 12 ఏళ్ల ముందే ఖాయం చేయాలి. 2023-27 నాటి బడ్జెట్ 2011లోనే చట్టమైంది. ఒక ప్లాంటు కట్టేవాడికి, ఇళ్లు కట్టేవాడికి ఆ గడువు సరిపోతుంది.

ఇక అసలు ఎంత బడ్జెట్ అన్నది. ఐక్యరాజ్యసమితి వాతావరణ శాస్త్ర సంఘం ఐపీసీసీ ఆరో నివేదిక లెక్కలో, భూమి వేడెక్కడం 1.5 డిగ్రీల లోపు ఉండటానికి సగం అవకాశం కావాలంటే 2020 మొదటి నుంచి ప్రపంచానికి మిగిలింది సుమారు 500 బిలియన్ టన్నుల కార్బన్ డయాక్సైడ్. అప్పటి విడుదల ఏడాదికి సుమారు 40. అందులో మీ వాటా ఎంత? ఊరికే ఊహించండి, ప్రపంచ జనాభాలో 1 శాతం, ఉద్గారాల్లో 3 శాతం ఉన్న ప్రాంతం. జనాభా ప్రకారం పంచితే 5 బిలియన్ టన్నులు, ఉన్న వేగంతో నాలుగేళ్లకే అయిపోతుంది. ఇప్పటి వాటా ప్రకారం పంచితే 15, పన్నెండున్నరేళ్లు వస్తుంది. ఈ రెంటి మధ్య ఏది న్యాయమన్నది శాస్త్రం చెప్పదు. మీ బృందంలో ఎవరైనా 'శాస్త్రమే ఈ శాతం చెప్పింది' అంటే, ఏ పంపకం సూత్రం వాడారో అడగండి. సాధారణంగా రెండోదే వాడి ఉంటారు, చెప్పకుండా.

#12 సందేహం_సుబ్బయ్య

సరే, బడ్జెట్లే బాగున్నాయనుకుందాం. స్కాట్లాండ్ సంగతి ఎవరూ ఎత్తరేం? దేశం లోపలి ప్రాంతం, గట్టి చట్టం, ఏటేటా లక్ష్యాలు, అన్నీ మీరు చెప్పినట్టే. ఏమైంది? 2030కి 75 శాతం కోత అని 2019లో చట్టం చేశారు. 2024 ఏప్రిల్‌లో మావల్ల కాదని వదిలేశారు. అప్పటికి 12 వార్షిక లక్ష్యాల్లో 8 తప్పారు. లక్ష్యం ఎత్తేసిన రెండు వారాల్లోపే సంకీర్ణం చీలి ఫస్ట్ మినిస్టర్ (అక్కడి ప్రభుత్వాధినేత) రాజీనామా ప్రకటించాడు. దానికి వేరే కారణాలూ ఉన్నాయి లెండి. నెరవేరని లక్ష్యం పెట్టి, తర్వాత తీసేస్తే జనానికి మిగతా లక్ష్యాల మీద కూడా నమ్మకం పోతుంది. అంతకంటే చిన్న అంకె పెట్టుకోవడం నయం.

#13 లెక్కల_మాస్టారు

మంచి ఉదాహరణ తెచ్చారు. కానీ ఆ 75 ఎలా వచ్చిందో చూడండి. స్వతంత్ర సలహా సంఘం 2030కి 70 శాతం చాలంది. పార్లమెంటులో పార్టీలు పోటీపడి 75 చేశాయి. ఆ అదనపు 5 శాతం ఏ రంగం నుంచి వస్తుందో అప్పుడు ఎవరూ చెప్పలేదు. చివరికి ఆ సలహా సంఘమే 2024 మార్చిలో ఇక ఇది నమ్మదగ్గది కాదంది.

ఇంకో సంగతి. స్కాట్లాండ్ ఉద్గారాలు 1990తో పోలిస్తే దాదాపు సగమయ్యాయి. విఫలమైన లక్ష్యం కింద అంత జరిగింది. సులువైనవి ముందు అయిపోయాయి. పెద్ద బొగ్గు ప్లాంటు లాంగానెట్ 2016లో మూతపడింది, గాలి మరలు వచ్చాయి. మిగిలినవి ఇళ్ల హీటింగ్, కార్లు, పొలాలు, నేల. అక్కడ ఒక్క నిర్ణయంతో అయ్యే పని లేదు, లక్షల ఇళ్ల తలుపు తట్టాలి. సరళరేఖ గీసిన చట్టానికి ఈ తేడా తెలియదు.

అందుకే 2024 నవంబరులో వార్షిక లక్ష్యాలు తీసేసి అయిదేళ్ల బడ్జెట్లకు మారారు. 2045 నెట్ జీరో అలాగే ఉంచారు. ఒక చలికాలం ఎక్కువ చలిగా ఉంటే వార్షిక లక్ష్యం తప్పుతుంది, అది పాలన లోపమా వాతావరణమా చెప్పలేం. అయిదేళ్లలో అది సర్దుకుంటుంది.

#14 చిత్తడినేల

నేల అన్నారు కాబట్టి కలగజేసుకుంటున్నా. స్కాట్లాండ్‌లో ఇంకో చిక్కు వచ్చింది, చాలామంది పట్టించుకోరు. పీట్ నేలలు, అంటే వేల ఏళ్లుగా మొక్కల శిథిలాలు పేరుకున్న చిత్తడి, ఎండగట్టినప్పుడు కార్బన్ వదులుతాయి. మొదట్లో ఇది ఉద్గారాల జాబితాలో పూర్తిగా లేదు. తర్వాత కొలిచే పద్ధతి మెరుగయ్యాక చేర్చారు. చేర్చగానే ఇప్పటి అంకె పెరిగింది, 1990 అంకె కూడా పెరిగింది. ఎవరూ ఏ కొత్త తప్పూ చేయకుండానే లక్ష్యం దూరం మారింది.

మీ పత్రంలో అడవి, నేల ఉద్గారాలు వేరే పట్టికలో పెట్టండి. శిలాజ ఇంధనాల లెక్కలో తప్పు కొద్ది శాతమే ఉంటుంది, ఎందుకంటే ప్రతి లీటరుకూ బిల్లు ఉంటుంది. నేల లెక్కలో అనిశ్చితి చాలా పెద్దది. రెండూ కలిపి ఒకే 'నికర' అంకె రాస్తే, అడవి పీల్చుకుంటుందని ఊహించిన టన్నులతో ప్లాంటు పొగను కప్పేసే వీలు దొరుకుతుంది. అడవి తగలబడినా పురుగు పట్టినా ఆ టన్నులు వెనక్కి వస్తాయి. బొగ్గు మాత్రం భూమిలోకి తిరిగి వెళ్లదు.

#15 నత్తనడక

చిత్తడినేల గారి పోస్టు ప్రింట్ తీసి మా ఆఫీసు గోడకు అంటించాలి.

#16 గ్రిడ్_మనిషి

'చిన్న అంకె నయం' అన్న సుబ్బయ్య గారి మాటకు జవాబు. చిన్న అంకె పెడితే ఏమవుతుందో కూడా చూశాం. ఆర్‌జీజీఐ మొదటి పరిమితి ఏడాదికి 188 మిలియన్ షార్ట్ టన్నులు (అమెరికా కొలత టన్నులు). మాంద్యం వచ్చింది, గ్యాస్ చవకైంది. అసలు ఉద్గారాలు పరిమితి కంటే చాలా కింద ఉండిపోయాయి. పర్మిట్లు, అంటే ప్లాంట్లు వేలంలో కొనుక్కునే పొగ వదిలే హక్కులు, కనీస వేలం ధరకే అమ్ముడయ్యాయి. ఏళ్ల తరబడి పరిమితి ఎవరినీ పరిమితం చేయలేదు. 2014లో దాన్ని 91 మిలియన్లకు దించాకే అది పని చేయడం మొదలుపెట్టింది. సగానికి పైగా కోసినా కరెంటు ఆగలేదు.

దీన్నుంచి నేను తీసుకున్నది: అంకె పెద్దదా చిన్నదా కంటే, దాన్ని తిరిగి చూసే తేదీ చట్టంలో ఉందా లేదా అన్నది ముఖ్యం. అక్కడ సమీక్ష ముందే రాసిపెట్టి ఉంది కాబట్టి సరిదిద్దారు. అదే కూటమిలో ఇంకో బలహీనత కూడా ఉంది, రాష్ట్రాలు వచ్చిపోతుంటాయి. న్యూజెర్సీ 2011 చివర్లో బయటికెళ్లి 2020లో తిరిగొచ్చింది. వర్జీనియా 2021లో చేరి 2023 చివర్లో వెళ్లిపోయింది. ఎన్నికలు మారితే 30 ఏళ్ల ప్రణాళిక మారుతుంది. దీనికి మందు నాకు తెలిసి లేదు.

#17 మోడరేటర్

మూడు పోస్టులు తొలగించాం. ఒక పార్టీని తిట్టడానికి వేరే విభాగం ఉంది. ఇక్కడ లక్ష్యాల మీదే మాట్లాడండి.

#18 ఉత్తరపుగాలి

చాలా ఉపయోగపడుతోంది. పంపకం గురించి ఇంకా ఎవరూ పెద్దగా చెప్పలేదు. మా దగ్గర నగరాలు 'తలసరి' అంటాయి, ఫ్యాక్టరీలున్న జిల్లాలు 'ఉత్పత్తి విలువకు ఇంత' అంటాయి.

#19 లెక్కల_మాస్టారు

ఫ్యాక్టరీ జిల్లాల వాదనకు ఒక లెక్క చెప్పండి. ఉత్పత్తి విలువ మీద ఉద్గారాలు 25 ఏళ్లలో 45 శాతం తగ్గాయనుకుందాం. ఆ 25 ఏళ్లూ ఏటా 6 శాతం వృద్ధి ఉంటే ఉత్పత్తి నాలుగింతలకు పైగా అవుతుంది. మొత్తం ఉద్గారాలు రెండింతలు దాటతాయి. లక్ష్యం నెరవేరింది, పొగ రెట్టింపయింది. ఎదుగుతున్న పేద ప్రాంతానికి ఇలాంటి లక్ష్యం న్యాయమే, భారత్ 2030 లక్ష్యం కూడా ఈ తరహాదే, 2005తో పోల్చి 45 శాతం. కానీ ఎదిగిపోయిన జిల్లా అదే సూత్రం అడిగితే ఒప్పుకోవద్దు.

యూరప్‌లో ఇప్పుడున్న పద్ధతి కొంత మెరుగు. రవాణా, భవనాలు, వ్యవసాయం వంటి రంగాలకు 2005తో పోల్చి 2030కి మొత్తం 40 శాతం కోత. సభ్య దేశాలకు తలసరి ఆదాయాన్ని ప్రధానంగా చూసి పంచారు. బల్గేరియాకు 10 శాతం, జర్మనీ, డెన్మార్క్, స్వీడన్ వంటివాటికి 50. అందరికీ కోతే, పెంచుకునే వెసులుబాటు ఎవరికీ లేదు. పోర్చుగల్‌కు ప్లస్ 27 ఇచ్చిన రోజుల నుంచి అంత దూరం వచ్చారు.

#20 వేపచెట్టు

పంచేటప్పుడు ఇంకొకటి చూడండి. లక్ష్యం ఒకరికి, అధికారం ఇంకొకరికి ఇవ్వకండి. కాలిఫోర్నియా 2008 చట్టం ఎస్‌బీ 375 రాష్ట్రంలోని 18 మహానగర ప్రణాళిక సంస్థలకు కార్లు, చిన్న ట్రక్కుల ఉద్గారాలపై తలసరి లక్ష్యాలు ఇవ్వమంది. 2005తో పోల్చి 2020కి, 2035కి. నాలుగు పెద్ద ప్రాంతాలకు 2018లో ఆ 2035 లక్ష్యాన్ని 19 శాతం చేశారు. ప్రణాళికలు దాదాపు అన్నీ కాగితం మీద లక్ష్యం అందుకున్నాయి. కానీ ఎక్కడ ఇళ్లు కట్టాలి, ఎంత ఎత్తు కట్టాలి అనే అధికారం నగరాలకు, కౌంటీలకే ఉంచారు. ప్రాంతీయ సంస్థ రోడ్లకు, బస్సులకు డబ్బు కేటాయించగలదు, ఇల్లు ఎక్కడ లేస్తుందో చెప్పలేదు. 2018 చివర్లో రాష్ట్ర వాయు మండలి తన నివేదికలో ఒప్పుకుంది: మనుషులు కార్లలో తిరిగే దూరం తగ్గడం లేదు, పెరుగుతోంది, ఈ దారిలో లక్ష్యం అందదు అని. అదే రాష్ట్రం మొత్తంగా 2020 లక్ష్యాన్ని నాలుగేళ్ల ముందే, 2016లోనే అందుకుంది, ప్రధానంగా కరెంటు రంగం వల్ల. మొత్తం అంకె బాగున్నప్పుడు లోపల ఓడిపోతున్న రంగం కనిపించదు.

#21 సందేహం_సుబ్బయ్య

ఈ పోస్టుకు మాత్రం నా లైక్.

ఇంకో అనుమానం. పక్కవాళ్ల డబ్బు మీద ఆధారపడే లక్ష్యాల సంగతేమిటి? కోపెన్‌హాగన్ 2012లో ప్రకటించింది, 2025కల్లా ప్రపంచంలో మొదటి కార్బన్ తటస్థ రాజధాని అవుతామని. 2022 ఆగస్టులో చేతులెత్తేసింది. చెత్త కాల్చే ప్లాంటు చిమ్నీలో కార్బన్ పట్టే యంత్రం పెట్టాలనుకున్నారు, దానికి జాతీయ నిధి దొరకలేదు.

#22 గ్రిడ్_మనిషి

కోపెన్‌హాగన్ లెక్కలో ఇంకో మడత కూడా ఉంది. నగరం వాడే దానికంటే ఎక్కువ గాలి కరెంటు తయారుచేసి బయటికి పంపి, అక్కడ తగ్గిన పొగను కార్ల పొగకు చెల్లు వేసుకోవాలన్నది ప్రణాళిక. కార్లు మాత్రం అలాగే తిరుగుతాయి. గ్రిడ్ శుభ్రమయ్యే కొద్దీ ఆ చెల్లు విలువ కూడా కరిగిపోతుంది, ఎందుకంటే అవతల ఆపడానికి బొగ్గే ఉండదు. అయినా ఆ నగరం చాలా తగ్గించింది, అది కాదనలేం.

పాఠం అడిగారు కాబట్టి: సొంత అధికారంతో అయ్యేవి ఒక వరుసలో, దేశ ప్రభుత్వం చేస్తేనే అయ్యేవి ఇంకో వరుసలో రాయండి. రెండో వరుస తప్పితే ఎవరిని అడగాలో అందులోనే ఉండాలి.

#23 ఉత్తరపుగాలి

మీ అందరి మాటలు పట్టుకుని ముసాయిదా మార్చాను. ఇవాళ బృందానికి పంపబోయేది ఇలా ఉంది.

ఆధారం ఒకే ఏడాది కాకుండా మూడేళ్ల సగటు, 2020 కలవకుండా. లాక్‌డౌన్ ఏడాదితో పోల్చి ఎవరికీ లాభం లేదు. దిగుమతి కరెంటు మా లెక్కలోనే. నేల, అడవి వేరే పట్టిక. 2050 అంకె ఉంటుంది కానీ కట్టుబాటు ఉండేది అయిదేళ్ల బడ్జెట్లకు, మొదటి మూడు ఇప్పుడే ఖాయం. లోపలి పంపకం తలసరి ఆదాయం మీద, ఏ నగరానికి ఏ అధికారం ఉందో దాని పక్కనే లక్ష్యం. స్వతంత్ర సంఘం సలహా కంటే పెద్ద అంకె పెట్టాలంటే, ఆ తేడా ఏ రంగం నుంచి వస్తుందో సభలో చెప్పి తీరాలి. ఈ చివరి వాక్యం మాస్టారి పోస్టు 13 చదివాక రాసింది. బృందంలో దీని మీదే ఎక్కువ గొడవ అవుతుందనుకుంటున్నా.

మీథేన్ 20 ఏళ్ల తూకమా 100 ఏళ్లా అన్నది తేలలేదు.

#24 చిత్తడినేల

మీథేన్‌ను ఏ తూకంతోనూ కలపకుండా, టన్నుల్లో వేరే బడ్జెట్ పెట్టండి. 100 ఏళ్ల తూకంలో అది కార్బన్ డయాక్సైడ్‌కు 28 రెట్ల చుట్టూ, 20 ఏళ్ల తూకంలో 80 రెట్ల చుట్టూ ఉంటుంది. ఏది ఎంచుకున్నా ఒక రంగం గెలిచి ఇంకొకటి ఓడుతుంది. అది గాలిలో ఓ పుష్కరం నిలుస్తుంది, కార్బన్ డయాక్సైడ్‌లో కొంత భాగం వేల ఏళ్లు ఉండిపోతుంది. పశువులు, చెత్త దిబ్బలు, గ్యాస్ పైపులు, ఈ మూడింటికీ విడిగా పరిమితి రాస్తే తూకం వాదన అక్కర్లేదు.

#25 సందేహం_సుబ్బయ్య

ముసాయిదా నేననుకున్నంత చెడ్డగా లేదు. కానీ బడ్జెట్ దాటితే ఏం జరుగుతుందో ఒక్క ముక్క లేదేం? అది లేకపోతే ఇదంతా నత్తనడక గారి పోస్టు 2 దగ్గరికే వస్తుంది.

#26 వేపచెట్టు

జరిమానా డబ్బు రూపంలో వద్దు. ప్రభుత్వం తన జేబులోంచి తన జేబులోకే కట్టుకుంటుంది. యూరప్ పద్ధతి తీసుకోండి. ఒక ఏడాది దాటిన టన్నులను 1.08తో హెచ్చవేసి తర్వాతి ఏడాది ఖాతాలో వేస్తారు. అంటే 100 టన్నులు దాటితే వచ్చే ఏడాది 108 తగ్గించాలి. బ్రిటన్ చట్టంలో తర్వాతి బడ్జెట్ నుంచి 1 శాతం వరకు అరువు తెచ్చుకోవచ్చు, అంతకు మించి లేదు. రెండూ కలిపి రాయొచ్చు.

#27 సందేహం_సుబ్బయ్య

అయిదేళ్ల బడ్జెట్‌కు 1.08 ఏ మూలకు? అది ఏడాదికి లెక్క వేసింది. అయిదేళ్లు ఆలస్యం చేసినవాడికి కనీసం 1.3 పెట్టాలి.

#28 లెక్కల_మాస్టారు

ఏటా 1.08 చొప్పున అయిదేళ్లు హెచ్చవేస్తే 1.47 వస్తుంది సుబ్బయ్య గారూ. మీరే మెత్తగా ఉన్నారు.

#29 ఉత్తరపుగాలి

1.47 అని రాసి పంపుతున్నా. వాళ్లు 1.2కి బేరమాడతారు. బేరం ఏమైందో రేపు సాయంత్రం మీటింగ్ అయ్యాక ఇక్కడే రాస్తాను.